డ్రమ్మర్ లేని ఆల్బమ్: బీచ్ హౌస్ తొలి రికార్డు

ముందే చెప్పేస్తున్నా, ఈ ఆల్బమ్‌లో తాళం మొత్తం రిథమ్ మిషన్‌దే. పాతకాలం ఇంటి ఆర్గన్లలో వచ్చే రకం శబ్దం. చిన్న డబ్బాలో గుప్పెడు బియ్యం పోసి, ఎవరో విసుగూ విరామం లేకుండా ఆడిస్తున్నట్టు ఉంటుంది.

ఆ శబ్దమంటే నాకు ఒళ్లుమంట. పదకొండేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. ఒకసారి ప్రోగ్రాం ఇంకో పావుగంటలో మొదలవుతుందనగా మా డ్రమ్మర్ రావట్లేదని కబురు వచ్చింది. తబలా మాస్టారు ఉన్నారు గానీ, ఫాస్ట్ పాటలకి తబలా ఒక్కటే సరిపోదు. గత్యంతరం లేక కీబోర్డులో రిథమ్ బటన్ నొక్కి, టెంపో సరిచేసుకుని మొదలుపెట్టాం. పల్లవి బాగానే గడిచింది. రెండో చరణం దగ్గర గాయకుడికి ఊపొచ్చి స్పీడ్ పెంచాడు. మిషన్ పెంచదు కదా! ఆయనది ఒక దారి, దానిది ఒక దారి. మధ్యలో నేను టెంపో బటన్ మీద వేలు పెట్టుకుని చెమటలు కక్కాను. పాట ఎలాగోలా ముగిసింది గానీ, ఆ టెన్షన్‌లో రిథమ్ ఆపడం మర్చిపోయాను. పెళ్లికొడుకు తాతగారు మైకు పట్టుకుని ఆశీర్వదిస్తుంటే వెనకాల డిస్కో బీట్. ఆ రాత్రి వ్యాన్‌లో తబలా మాస్టారు ఒక్కటే మాట అన్నారు: "మిషనే వాయించేస్తే ఇక నువ్వెందుకురా?"

అప్పట్నుంచి ఆ బటన్ జోలికి పోలేదు. అలాంటిది, మొదటి పాట మొదటి సెకను నుంచి ఆ బటన్ శబ్దమే వినపడే రికార్డుని నేను మూడు వారాలుగా రోజూ వింటున్నాను. ఎందుకు వింటున్నానో చెప్పాలనే ఇదంతా.

బీచ్ హౌస్ అంటే ఇద్దరు మనుషులు. విక్టోరియా లెగ్రాండ్ పాడుతుంది, కీబోర్డులు వాయిస్తుంది. అలెక్స్ స్కాలీ గిటార్, కీబోర్డులు చూసుకుంటాడు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2004లో జత కట్టారు. స్కాలీది ఆ ఊరే. లెగ్రాండ్ ఫ్రాన్స్‌లో పుట్టింది. ఫ్రెంచ్ సినిమా సంగీత దర్శకుడు మిషెల్ లెగ్రాండ్ కుటుంబంలోని అమ్మాయే. 2006 అక్టోబరులో కార్‌పార్క్ రికార్డ్స్ అనే కంపెనీ ఈ ఇద్దరి మొదటి ఆల్బమ్ తెచ్చింది. దానికి వేరే పేరంటూ పెట్టలేదు, జట్టు పేరే ఆల్బమ్ పేరు. తొమ్మిది పాటలు, చివర ఒక దాచిన పాట. అంతా కలిపి 40 నిమిషాల లోపే.

వీళ్లు వాయించే రకాన్ని డ్రీమ్ పాప్ అంటారు. ఆ మాట వినని వాళ్ల కోసం నాకు తెలిసిన భాషలో చెప్తాను. మా స్టేజీల మీద గాయకులు వచ్చీ రాగానే సౌండ్ అబ్బాయిని అడిగేది ఒకటే, "తమ్ముడూ, కొంచెం ఎకో పెంచు". ఎకో పెంచితే గొంతులో ఉన్న గరుకు కనపడదు, శ్రుతి కాస్త జారినా కవర్ అయిపోతుంది. డ్రీమ్ పాప్ వాళ్లు కూడా ఎకో పెంచుతారు, బాగానే పెంచుతారు. కాకపోతే గొంతుకి ఒక్కదానికే కాదు, గిటార్‌కి, ఆర్గన్‌కి, అన్నిటికీ. మన పాటల్లో గొంతు ముందు వరసలో కూర్చుంటుంది, వాద్యాలు వెనక. వీళ్ల దగ్గర గొంతూ వాద్యాలూ ఒకే చాప మీద సర్దుకుని కూర్చుంటాయి. 1980ల్లో బ్రిటన్‌లో కాక్టో ట్విన్స్ లాంటి వాళ్లు ఈ దారి వేశారు. వాళ్ల రికార్డుల్లో పొరల మీద పొరలు గిటార్లు ఉంటాయి, పెద్ద గుడి మండపంలో నిలబడి విన్నట్టు ఉంటుంది. బీచ్ హౌస్ తొలి రికార్డు మాత్రం మండపం కాదు. తలుపు దగ్గరగా వేసిన చిన్న గది.

నిజానికి అది గదే. స్కాలీ ఇంటి బేస్‌మెంట్‌లో, నాలుగు ట్రాకుల రికార్డర్ మీద, రెండు రోజుల్లో చేశారు ఈ పని. నాలుగు ట్రాకులు అంటే ఏంటో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. ఇవాళ ఫోన్‌లో దొరికే ఉచిత యాప్‌లో కూడా అంతకంటే ఎక్కువ ట్రాకులు ఉంటాయి. నాలుగే ఉన్నప్పుడు లెక్క ఇలా ఉంటుంది: ఒక దాంట్లో రిథమ్, ఒక దాంట్లో ఆర్గన్, ఒక దాంట్లో గిటార్, మిగిలిన దాంట్లో గొంతు. అయిపోయింది. ఇంకో గిటార్ ముక్క కావాలంటే, ముందు చేసిన రెండు మూడింటిని కలిపి ఒకే ట్రాకులోకి దించి, ఖాళీ చేసుకున్న చోట కొత్తది వేసుకోవాలి. ఒకసారి కలిపాక విడదీయడం ఉండదు. పప్పులో ఉప్పు ఎక్కువైనట్టే, తీయలేవు. పైగా అలా దించిన ప్రతిసారీ వెనక 'స్‌స్‌స్' మనే హిస్ ఇంకొంచెం పెరుగుతుంది.

ఈ రికార్డులో ఆ హిస్ ఉంది. దాచే ప్రయత్నం కూడా పెద్దగా చెయ్యలేదు. మొదటి రెండు రోజులూ నా హెడ్‌ఫోన్‌లో ఏదో తేడా ఉందనుకుని వైరు అటూ ఇటూ తిప్పాను. మూడో రోజుకి చెవి అలవాటు పడింది. రాత్రి పూట ఫ్యాన్ చప్పుడు లాగా, ఉన్నప్పుడు పట్టించుకోం, ఆగితే మెలకువ వస్తుంది.

ఇక అసలు సంగతి, గొంతు. లెగ్రాండ్ గొంతు కింది స్థాయిది. పాడుతున్నది ఆడా మగా అని మొదటిసారి అనుమానం వచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. మా ట్రూప్‌లో ఫిమేల్ సింగర్ ఒకావిడ ఉండేది, నేను అక్కా అని పిలుస్తాను. ఇప్పుడు పాడటం మానేసింది. ఆవిడకి ఫోన్‌లో ఒక పాట పంపాను. ఐదు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది.

"ఏంట్రా తమ్ముడూ, ఈ పిల్ల గొంతు ఎత్తదేంటి?"

"ఎత్తదక్కా. అదే ఆమె స్టైలు."

"ఎత్తలేకా, ఎత్తకా?"

మంచి ప్రశ్న. నేను మిగతా పాటలు కూడా పంపాను. సాయంత్రం మెసేజ్ వచ్చింది: "ఎత్తగలదు. ఎత్తట్లేదు."

అక్క స్టేజీ మీద హై పిచ్ పట్టి జనం చేత ఈలలు వేయించుకున్న మనిషి. ఆవిడ నోటి నుంచి ఈ మాట రావడం అంటే మామూలు విషయం కాదు. లెగ్రాండ్ ఎక్కడా బలం చూపించదు. సంగతులు, గమకాలు ఏవీ ఉండవు. పదం చివర అక్షరాన్ని సాగదీసి, అది ఆర్గన్ స్వరంలో కలిసిపోయేదాకా వదలదు. హార్మోనియం తిత్తిలో గాలి పూర్తిగా దిగేదాకా మెట్టు మీద వేలు ఉంచినట్టు. ఎక్కడ గొంతు ఆగిందో, ఎక్కడ ఆర్గన్ మొదలైందో చెప్పడం కష్టం.

ఇక్కడే నాకు నా పెళ్లి ప్రోగ్రాం గుర్తొచ్చింది. మా గాయకుడు ఆ రోజు మిషన్ని తన వెంట లాక్కెళ్లాలని చూశాడు. అది రాలేదు. లెగ్రాండ్‌కి అది ఎక్కడికీ రాదని తెలుసు. అందుకని దాన్ని గోడకు కొట్టిన మేకులాగా వదిలేసి, తను తీరిగ్గా, ఒక్కోసారి బీటు కంటే కాస్త వెనకగా పాడుకుంటూ పోతుంది. తాళం అంత బిగుసుగా ఉండబట్టే ఆమె ఆ మాత్రం సాగడం మనకి తెలుస్తుంది. డ్రమ్మర్ ఉండి ఉంటే ఆమె వెనకబడితే అతనూ తగ్గేవాడు, మర్యాద కొద్దీ. అప్పుడీ లాగుడే ఉండేది కాదు.

పాటల విషయానికొస్తే, మొదటిది 'సాల్ట్‌వాటర్'. రిథమ్, దాని మీద ఆర్గన్, ఆ పైన జారుతూ వచ్చే గిటార్. నా దానివి కాకపోయినా నిన్నే ప్రేమిస్తున్నా అనే భావం. ఆల్బమ్ మొత్తం ఎలా ఉండబోతోందో మూడు నిమిషాల్లో తేల్చి చెప్పేస్తుంది. ఇది నచ్చకపోతే మిగతావి వినే శ్రమ పడక్కర్లేదు, నిజంగా చెప్తున్నా. రెండోది 'టోక్యో విచ్'. నాకు ఇప్పటికీ పెద్దగా ఎక్కలేదు. మూడోది 'ఆపిల్ ఆర్చర్డ్', మధ్యాహ్నం భోజనం అయ్యాక అరుగు మీద కునుకు తీస్తున్నంత నెమ్మది. మొదట్లో దాటేసేవాణ్ణి, ఇప్పుడు దాటెయ్యను.

నాలుగోది 'మాస్టర్ ఆఫ్ నన్' దగ్గర కాస్త నిలబడాలి. ఈ రికార్డులో నలుగురూ కలిసి వినగలిగిన పాట ఏదైనా ఉంటే ఇదే. రిథమ్‌లో చిన్న గెంతు ఉంది, ట్యూన్ ఒకసారి వింటే పట్టుకుంటుంది. కెనడా గాయకుడు ది వీకెండ్ 2011లో తన తొలి మిక్స్‌టేప్‌లో ఒక పాటకి దీన్నే శాంపిల్ చేసి, అంటే ఇందులోంచి ముక్క కోసి, వాడుకున్నాడు. చాలామంది ఆ దారిలోనే వెనక్కి నడిచి వీళ్ల దగ్గరికి వచ్చారు. బేస్‌మెంట్‌లో నాలుగు ట్రాకుల మీద చేసిన ముక్క, ఐదేళ్ల తర్వాత ఇంకొకరి ఆర్ అండ్ బీ పాటకి పునాది అయింది. రెండూ పక్కపక్కన వినండి, సరదాగా ఉంటుంది. ఆ పాటలో కిందినుంచి బేస్ దబదబలాడుతుంది, ఇక్కడ బేస్ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. నాకు ఇక్కడిదే ఇష్టం. కడుపు ఖాళీగా ఉన్న పాట.

ఐదోది 'ఆబర్న్ అండ్ ఐవరీ'. ఆల్బమ్‌కి గుండెకాయ ఇదే అని నా లెక్క. ఇది మూడు మాత్రల నడక. మన దగ్గర త్రీ ఫోర్ అనగానే ఊయల పాటో, బోటు పాటో గుర్తొస్తుంది. ఇదీ ఊగుతుంది గానీ, ఖాళీ ఊయల ఊగినట్టు ఊగుతుంది. వెనక కీబోర్డులో హార్ప్సికార్డ్ (తీగల్ని మీటే పాతకాలం మెట్ల వాద్యం) రకం శబ్దంతో స్వరాలు ఒక్కొక్కటీ గిల్లినట్టు పడతాయి. కీబోర్డు వాయించేవాళ్లకి తెలుస్తుంది, హార్ప్సికార్డ్ టోన్‌లో ఉన్న ఇబ్బంది ఏంటంటే, వేలు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా అది ఒకేలా మోగుతుంది. అంటే అందులో కోపం ఉండదు, లాలన ఉండదు. రిథమ్ మిషన్‌కీ అంతే. ఏ భావమూ చూపించలేని రెండు యంత్రాల మధ్య ఒక మనిషి గొంతు. ఇదేదో ఆలోచించి చేశారో, చేతిలో ఉన్నవి అవే గనక చేశారో నాకనవసరం. పని చేసింది.

దీని తర్వాత 'చైల్డ్‌హుడ్' వస్తుంది, పర్వాలేదు. ఏడోది 'లవ్లియర్ గర్ల్' వెనక చిన్న కథ ఉంది. ఆ ట్యూన్ వీళ్ల సొంతం కాదు. టోనీ, కారో అండ్ జాన్ అనే బ్రిటిష్ ఫోక్ జట్టు 1972 రికార్డులోని పాట అది. పెద్దగా ఎవరి చెవినా పడని జట్టు వాళ్లది. నేను మూలం కూడా విన్నాను. అది పగటి పూట పాట, ఇది రాత్రి పూట పాట. స్వరాలు అవే ఉండి కూడా అంత తేడా ఎలా వస్తుందో, పెళ్లిలో పాడిన పాటనే ఒంటరిగా కూనిరాగం తీసుకున్నవాళ్లకి తెలుస్తుంది.

'హౌస్ ఆన్ ది హిల్' వచ్చేసరికి మాత్రం ఇంతకుముందే విన్నాను కదా అనిపిస్తుంది. ఇది ఆల్బమ్‌కున్న పెద్ద లోపం. అన్ని పాటలూ ఒకే రంగు. ఆర్గన్, రిథమ్, జారే గిటార్, మళ్లీ ఆర్గన్. స్కాలీ గిటార్ మీద తీగ వెంబడి జార్చుకుంటూ పోయే ఆ స్లయిడ్ పద్ధతి మొదటి మూడు పాటల్లో ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది. ఏడెనిమిది పాటలయ్యాక, 'అబ్బాయ్, ఒక్క స్వరం నేరుగా మీటవయ్యా' అనాలనిపిస్తుంది. మా ట్రూప్‌లో అయితే వరసగా నాలుగు మెలోడీలు పెడితే జనం కుర్చీలు లాక్కుని భోజనాలకు లేచిపోతారు. ఇక్కడ తొమ్మిదీ మెలోడీలే.

రెండో ఫిర్యాదు, మాటలు. సగం అర్థం కావు. ఇంగ్లిష్ నాకు అంతగా రాక అనుకున్నా గానీ, ఇంగ్లిష్ మీడియంలో చదివిన మా అమ్మాయిని కూర్చోబెట్టి వినిపిస్తే తనకీ సగమే తెలిసింది. మాటలు తెలియాలి అనుకునేవాళ్లకి ఇది చిరాకు. నాకు అంత పట్టింపు లేదు, ఆలాపన అనుకుని వినేస్తాను.

చివరిది 'హార్ట్ అండ్ చేంబర్స్'. అది ముగిశాక ప్లేయర్ ఆపేయకండి. నేను మొదటిసారి ఆపేశాను. రెండోసారి హెడ్‌ఫోన్ చెవులకే ఉండగా నిద్ర పట్టేసింది, నిశ్శబ్దం తర్వాత పియానో మొదలవడంతో ఉలిక్కిపడి లేచాను. 'రెయిన్ ఇన్ నంబర్స్' అనే పాట అది, అట్ట మీద పేరు లేకుండా చివర దాచారు. ఇందులో రిథమ్ మిషన్ లేదు. ఉన్నది పియానో, గొంతు. ఆ పియానో శ్రుతి కూడా సరిగ్గా లేదు, ఎన్నాళ్లుగానో ఎవరూ సరిచేయని పియానోలా ఉంది. నాలాంటి వాడికి శ్రుతి తేడా వస్తే పంటి కింద రాయి పడ్డట్టే. అయినా ఆపలేకపోయాను. అప్పటిదాకా గోడకున్న మేకు ఊడొచ్చింది కదా, ఇప్పుడు ఈమె ఎలా నిలబడుతుందా అని వింటూ ఉండిపోయాను. నిలబడింది, కొంచెం తూలుతూ. ఈ పాటని 2017లో విడిపాటల సంకలనంలో మళ్లీ వేశారు, అక్కడ వెతుక్కునే పని లేకుండా దొరుకుతుంది.

వీళ్ల తర్వాతి రికార్డులతో పోలిస్తే ఇది ఎక్కడ నిలుస్తుందని అడిగితే, 2010లో వచ్చిన 'టీన్ డ్రీమ్' దీనికంటే మంచి ఆల్బమ్. అందులో గొంతు విప్పి పాడింది, పాటకీ పాటకీ తేడా ఉంది, శబ్దం నిండుగా ఉంది. అక్క ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుంది. ఈ జట్టుని మొదటిసారి వినేవాళ్లకి నేను అదే ఇస్తాను. షార్ట్ వీడియోల వెనక తెగ మోగిన 'స్పేస్ సాంగ్' ఉన్నది 2015 నాటి 'డిప్రెషన్ చెర్రీ'లో. ఆ పాట విని వచ్చినవాళ్లకి ఈ తొలి రికార్డు ఇంకా రంగు వెయ్యని గోడలా కనపడొచ్చు. నేను మాత్రం ఈ గోడ దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తున్నా.

ఎలా వినాలో కూడా ఒక మాట. ఫోన్ స్పీకర్‌లో పెడితే దోమ రొద తప్ప ఏమీ వినపడదు. కారులోనూ దండగే, ఇంజిన్ చప్పుడు ఆర్గన్ని మింగేస్తుంది. మామూలు హెడ్‌ఫోన్ చాలు, సౌండ్ సగానికి పెట్టండి. పెంచితే హిస్ ముందుకొస్తుంది. నాలుగు, ఐదు పాటలు ముందు విని, అవి నచ్చితే మొదటి నుంచి వెళ్లండి. ఇల్లు సర్దుకుంటూ వినే రకం కాదు. ఏ పనీ లేని ముప్పావుగంట ఉండాలి.

మొన్న తబలా మాస్టారిని చూడ్డానికి వెళ్లాను. వేళ్లు ఇదివరకటిలా ఆడట్లేదు, అయినా చెవి చురుగ్గానే ఉంది. 'ఆబర్న్ అండ్ ఐవరీ' పెట్టి హెడ్‌ఫోన్ ఆయన చెవులకు తగిలించాను. కళ్లు మూసుకున్నారు. మోకాలి మీద మూడు వేళ్లు కదులుతున్నాయి. నాలుగున్నర నిమిషాలూ కదిలాయి.

"ఎవర్రా రిథమ్?"

"మిషన్ మాస్టారూ."

కాసేపు నా వంక చూశారు. ఆ పెళ్లి ఆయనకీ గుర్తుండే ఉంటుంది.

"టెంపో ఎంత పెట్టారు?"

"తెలీదండీ."

"మూడు వారాలు విన్నానంటావ్, టెంపో చూసుకోలేదా? సిగ్గుండాలి. మళ్లీ పెట్టు" అని, గోడకున్న గడియారం సెకన్ల ముల్లు వైపు కుర్చీ తిప్పుకున్నారు.